నన్ను ఇంటికి పంపని సారు

కొత్తగా చుట్టిన మోటారు తీగకు వార్నీషు పోసి ఆరబెడితే ఘాటైన వాసన వస్తుంది. నంద్యాలలో నా వైండింగు షాపులో రోజూ ఉండేదే, నా ముక్కు దానికి ఎప్పుడో మొద్దుబారిపోయింది. కానీ చలికాలం పొద్దున షట్టరు ఎత్తగానే, రాత్రంతా మూసిన గదిలోంచి అది ఒక్కసారిగా మీదికి వచ్చినప్పుడు, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని ముక్కాలిపీట మీద కూర్చున్న దేవసహాయం సారు గుర్తొస్తారు. ఆయన ప్రొబేషన్ ఆఫీసరు. శిక్షపడిన కుర్రవాళ్లను గడువుకు ముందే విడవవచ్చా, విడిస్తే ఎవరి దగ్గరికి పంపాలి అని విచారించి పైవాళ్లకు రాయడం ఆయన ఉద్యోగం. ఆయన రాసిన కుర్రవాళ్లలో నేనొకణ్ణి.

మా ఊరు రుద్రవరం దాటాక వస్తుంది. డెబ్బైల్లో ఒక గట్టు తగాదాలో మా వాళ్ల దెబ్బకు అవతలి మనిషి చనిపోయాడు. కొట్టింది మా పెదనాయన. నేనా పూట చేనికే పోలేదు. అయినా పోలీసుల ముందు నన్ను నిలబెట్టారు. ఇరవయ్యొకటి నిండని కుర్రవాడైతే జైలుకు కాకుండా నేరం చేసిన కుర్రవాళ్లను ఉంచే బడికి పంపుతారు, కొన్నాళ్లకు తిరిగొస్తాడు, సేద్యం ఆగదు. ఇదీ మా వాళ్ల లెక్క. అమ్మ నాకు తలంటు పోసింది. పెదనాయన భుజం మీద చెయ్యేసి, “నీవు మగోనివప్పా” అన్నాడు. పదహారేళ్లవాణ్ణి, నిజంగానే పొంగిపోయాను. ఆ పొంగు బడి గేటు మూసుకునేదాకా ఉంది.

రెండేళ్లకు నా విడుదల మాట వచ్చి సారు మా ఇంటికి విచారణకు పోయారు. మా వాళ్లు కోడిని కోసి అన్నం పెట్టారట. ఏ ఇంటికి పోయినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే: వాడు మీకెందుకు కావాలి? అమ్మ ఏడ్చింది. నాయన నేల చూశాడు. పెదనాయన మాత్రం నవ్వుతూ జవాబు చెప్పాడు. ఆ జవాబును సారు బడి వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఉన్నదున్నట్టు వినిపించారు.

“‘వానికింకా వయసు రాల్యా సార్, ఇంగొకసారి పోయినా బడికే గానీ జైలుకు పోడు’ అన్న్యాడప్పా. మీ ఇంట్లో నీ మీద ప్రేమ లేదని నేననను. కానీ నిన్ను ఆడికి పంపను. నంద్యాలలో మోటార్ల షాపులో పని చూసినా. శిక్ష గడువు తీరేదాకా మీ ఊళ్లో కాలు పెట్టగూడదు.”

కన్నవాళ్ల నుంచి నన్ను విడదీయడానికి ఈయనెవడని కడుపు మండింది. నంద్యాలలో దిగాక చాలాకాలం ఆయన ముఖం చూసి మాట్లాడలేదు. పనయ్యాక మా ఊరి వైపు పోయే ఆళ్లగడ్డ బస్సులు కదిలే చోట నిలబడేవాణ్ణి, ఎక్కకుండా. షాపుకు నెలకోసారి బేరం అడగవచ్చిన మనిషిలా వచ్చి కూర్చునేవారు సారు. బజారులో ఎదురైతే మాత్రం చూపు తిప్పుకొని పోయేవారు. ఎంత గర్వమో అనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. “నేను పలకరిస్తే ఎవరాయప్ప అని పక్కనోడు అడుగుతాడు. ఏం చెప్తావు?” అన్నారు. భార్య పోయి, పిల్లలు లేక, చర్చి వెనక ఇంట్లో ఒక్కరే ఉండే మనిషి. ఊళ్లో ఆయనకు బాగా తెలిసిన వాళ్లంతా ఆయన పలకరించకూడని వాళ్లే.

ఒక వేసవిలో నాయన బావి మోటారును బస్సు టాపు మీద వేసుకొని షాపుకు వచ్చాడు. కాలిపోయింది, చూడమన్నాడు. విప్పితే లోపల తీగ ఎక్కడా నల్లబడలేదు, రాగి తళతళలాడుతోంది. నేను నాయన వైపు చూశాను, ఆయన రోడ్డు వైపు చూశాడు. ఒట్టి పుణ్యానికి మళ్లీ వార్నీషు పోసి ఆరబెట్టాను. అది ఆరేదాకా ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. “మళ్లా కాలితే తెస్తాలే” అని లేచాడు. ఆ మోటారు ఆ తర్వాత కూడా చాలాసార్లు కాలింది.

నా గడువు తీరకముందే ఊళ్లో మళ్లీ గొడవైంది. ఈసారి నా తమ్ముణ్ణి నిలబెట్టారు. ఆ కబురు తెలిసి సారు ఇంటికి పరుగెత్తాను.

“నన్ను ఇంటికి పంపింటే వాడు మిగిలేటోడు గదా సార్.”

ఆయన గడప మీద కూలబడ్డారు. “మిగిలేటోడేమోప్పా. నేను దాచింది ఒకన్నే” అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

తమ్ముడి విడుదల మాట వచ్చేసరికి నాకు సొంతంగా ఒక గది ఉంది. వాణ్ణి నా దగ్గరికి పంపమని అడిగాను. సారు విచారణకు వచ్చారు. కొత్తమనిషిలా కూర్చొని, “వాడు నీకు ఏంటికి కావల్ల?” అన్నారు. పని నేర్పిస్తాను, బాగా చూసుకుంటాను అని చెప్పాలనుకున్నాను. నోటికి వచ్చింది వేరు.

“ఒక్కన్నే కూసోని అన్నం తినలేకపోతాండా సార్.”

ఆయన జేబులోంచి కలం తీశారు. “ఇదే రాస్తా” అని లేచారు. తమ్ముడొచ్చాడు. గడువు తీరేదాకా ఇద్దరం ఒకచోటే తిన్నాం. తీరిన మర్నాడు వాడు ఆళ్లగడ్డ బస్సెక్కి ఊరికి పోయాడు. ఉండమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఎనభైల చివర సారు పోయారు. సమాధుల దొడ్డికి నేను అనుకోనంత మంది మగవాళ్లు వచ్చారు. ఒక్కొక్కరూ ఒక్కో మూల, ఎవరికీ ఎవరూ తెలియనట్టు నిలబడ్డారు. సారు మీకెలా తెలుసని ఎవరూ ఎవరినీ అడగలేదు. నేనూ అడగలేదు. మన్ను వేసి ఎవరి దారిన వాళ్లం పోయాం.

ఊరి నుంచి ఇప్పటికీ పెళ్లికో చావుకో పిలుపు వస్తుంది. నేను వీళ్లకు ఎందుకు కావాలి అని మనసు ముందుగా అడుగుతుంది. పోయేది తక్కువ. నన్ను బతికించిన ప్రశ్నే నన్ను ఒంటరిని చేసింది. ఆ ప్రశ్న అడగాలని నాకు ఎప్పుడూ తోచని మనిషి సారొక్కరే. బజారులో అన్నిసార్లు ఎదురుపడ్డాం. ఒక్కసారైనా నేనే ముందు పలకరించి ఉండాల్సింది.