కసరత్తు డాక్టరమ్మ పరదాకి ఇవతల

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, మా సముద్రం ఒడ్డున లెక్క తెలిసినవాడికి ఉన్న మర్యాద ఇప్పుడు చెబితే నమ్మరు. నేను బడికి పోయింది తక్కువే. అయినా వల ఒడ్డుకి చేరగానే వ్యాపారులు ముందు నా కోసమే వెతికేవారు. చేపల్ని గంపలోకి వేస్తూ "లాభం... రెండు... మూడు..." అని రాగం తీసి లెక్కపెట్టేవాణ్ణి. (మా దగ్గర మొదటి చేపని ఒకటి అనరు, లాభం అంటారు.) ఆ రాగానికి తొందర ఉండదు. పది అయ్యాక కొనేవాడి కోసం పైన ఒక చేప వేసి "కొసరూ..." అని సాగదీస్తే ఒడ్డంతా వినబడేది. నాకన్నా తెలివైనవాడు వాకాడు నుంచి నాయుడుపేట దాకా లేడని నా గట్టి నమ్మకం.

అలాంటి నేను చెడుగుడులో మోకాలు మెలిపెట్టుకున్నాను. అప్పటికే మా వదిన చేపల గంప దించేసి ఇంట్లో కూర్చుంది. మూడో కాన్పు తర్వాత తుమ్మినా, బరువెత్తినా, నవ్వినా ఆమెకు చీర తడిసేదట. ఆ సంగతి నాకు పెళ్లయ్యాక మా ఆవిడ చెబితే తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా ఒకటే. ఊరంతా వినబడేలా నవ్వే మనిషి నా వేళాకోళాలకి మూతి బిగించుకొని పెరట్లోకి పోతోంది. నా హాస్యమే చప్పబడిందని చాలా దిగులుపడ్డాను.

వాకాడు ఆసుపత్రికి వారానికోసారి ఒక కసరత్తు డాక్టరమ్మ వచ్చేది. నెల్లూరు సాయిబుల అమ్మాయి, మద్రాసులో చదువుకుంది. సూది వేయదు, మందివ్వదు. ఆటల్లో దెబ్బతిన్న కాళ్లకీ, కాన్పయిన ఆడవాళ్లకీ కసరత్తు చెబుతుంది. "అబ్బయ్య మోకాలు చూపించుకొస్తా" అని మా అన్నకి చెప్పి వదిన బండెక్కింది. (తోడు వెళ్తున్నది ఆమె కాదు, నేనని ఎవరికీ తట్టలేదు. నాకసలే తట్టలేదు.)

గది ఒకటే. మధ్యలో పరదా. అటు ఆడవాళ్లు, ఇటు బల్ల మీద నేనొక్కణ్ణే. కాలు చాపి నెమ్మదిగా పైకెత్తి దించమని నాకు చెప్పి, డాక్టరమ్మ అటు వెళ్లింది. అక్కడేదో గుసగుసగా వివరించి, "ఊ, బిగించండి. పది దాకా వదలొద్దు" అంది పైకి.

"ఒకటిరెండుమూడు... పదీ! అయిపాయె డాక్టరమ్మా!" అని ఆడవాళ్లు గబగబా ముగించేశారు.

"రైలు పోతోందా ఏమిటి? మళ్లీ!"

ఇటు నేను కాలెత్తుతూ, అలవాటుగా రాగం తీస్తున్నాను. పరదా పక్కకి జరిగింది.

"ఏమబ్బాయ్, ఏం పని చేస్తావు నువ్వు?"

"చేపలు లెక్కపెడతానమ్మా."

"ఆ లెక్కే గట్టిగా చెప్పు. వీళ్లు దాన్ని బట్టి చేస్తారు."

గొంతు సవరించుకొని ఎత్తుకున్నాను. పదికి చేరి, ఊరుకోలేక "కొసరూ..." అన్నాను.

"ఓరి నీ గొంతులో ముల్లిరగ! ఇంకెంతసేపురా?" అని ఒక ముసలామె మూలిగింది.

"మేమేమన్నా మట్టగిడసలమా అబ్బయ్యా, కొసరెయ్యను?" ఇది మా వదిన.

"వదలకండి! కొసరు కూడా పట్టండి. బాగుంది, రోజూ ఇంట్లో కూడా ఇలాగే చెయ్యాలి" అంది డాక్టరమ్మ.

ఆపైన ప్రతి వారం వెళ్లాం. వాళ్లు దేన్ని బిగిస్తున్నారో నాకు తెలియదు. తెలియకపోయినా, "నేను లేకపోతే డాక్టరమ్మ వైద్యం నడవదు" అని ఒడ్డున అందరికీ చెప్పుకున్నాను. అంత రాగం తీస్తూ కాలెత్తడం మాత్రం కుదరలేదు. నా కాలు బల్ల మీద హాయిగా పడుకునేది.

ఆ ఏడు వానలు తగ్గాక ఒక పొద్దున వదిన మళ్లీ గంప పట్టుకొని ఒడ్డుకొచ్చింది. నేనే నింపి, ఆమె నెత్తికెత్తి, "చూడు నా సత్తా!" అని మరో గంప ఎత్తబోయాను. మోకాలు కలుక్కుమంది. చేపలతో సహా తడి ఇసుకలో కూలబడ్డాను.

"ఏందబ్బయ్యా, మాచేత అంత చేయించి నువ్వు చేసిందేంది?"

"లెక్క చెప్పినాను గదా వదినా!"

వదిన నవ్వింది. నెత్తిన నిండు గంపతో నవ్వింది. మధ్యలో టక్కున ఆగి, ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. తర్వాత అంతకన్నా గట్టిగా అందుకుంది. పడవల్లో వాళ్లు కూడా తిరిగి చూశారు.

ఆ మోకాలు ఇంకా బాగుపడలేదు, మెట్లెక్కాలంటే గోడ పట్టుకుంటాను. అలా పట్టుకున్నప్పుడల్లా, ఇన్నాళ్లకి తన హాస్యం మళ్లీ పండిందని తడి ఇసుకలో కూర్చొని పొంగిపోయిన ఆ కుర్రవాడు కళ్లకు కడతాడు. వాడికి నిజం చెప్పాలని ఎప్పుడూ అనిపించలేదు.