కోల్డ్ రూమును ఆపిన మాట

గేటు దగ్గర స్కూటీ దిగుతుండగానే అరుపు వినబడింది. గగన్‌పహాడ్‌లో మా గోదాముకి అరుపులు కొత్తేం కాదు. లారీ వెనక్కి తీస్తున్నప్పుడో, హమాలీలు పెట్టెలు దించుతున్నప్పుడో ఎవరో ఒకరు అరుస్తూనే ఉంటారు. ఇది అలాంటిది కాదు. ఎవర్నో కొడుతున్నారు.

లోపలికి పరుగెత్తాను. సరుకు ఎక్కించే చోట, సిమెంటు నేల మీద మా ఎలక్ట్రీషియన్ బోర్లా పడి ఉన్నాడు. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు అతని భుజాల మీద మోకాళ్లు ఆనించి నొక్కిపెట్టారు. మేనేజరు చొక్కా చేతులు మడిచి, నీళ్ల పైపు ముక్కతో వీపు మీద కొడుతున్నాడు.

"రాత్రి డ్యూటీలో ఉన్నది నువ్వొక్కడివే కదరా! కోల్డ్ రూములు వాటంతటవే ఆగిపోతాయా? ఎవడు చేయించాడో చెప్పు!"

"నేను బంద్ చెయ్యలే సార్. నా బిడ్డ మీద ఒట్టు. కరెంటు ఉండె. మిషిన్లే ఆగినయ్."

ఎయిర్‌పోర్టు కార్గోకి పోయే మందులు విమానం ఎక్కేదాకా మా కోల్డ్ రూముల్లోనే ఉంటాయి. రాత్రంతా చల్లదనం లేక ఆ మందులన్నీ పాడైపోయాయని, మాకు ఒక్క హెచ్చరికా రాలేదని పక్కనున్న హమాలీ చెప్పాడు. హెచ్చరికలు పంపే సర్వరు నా పని. వెంటనే సర్వర్ రూముకి పోయి చూశాను. ఆ సర్వరు రాత్రి చచ్చి, తెల్లారి మళ్లీ లేచింది. మిగతావన్నీ బాగానే నడుస్తున్నాయి. దానికొక్కదానికే ఎవరో కరెంటు కోసేశారు. ఆ గది తాళం ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండదు. అంటే గదిలోకి రాకుండానే, ఎక్కణ్నుంచో కోశారు.

మా సర్వర్లు, వాటికి కరెంటు ఇచ్చే పెట్టెలు, కోల్డ్ రూముల్ని నడిపే కంట్రోలర్లు, చివరికి క్యాంటీన్ వైఫై కూడా, అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉండేవి. వాటి బాగోగులు కనుక్కోవడానికి ఎస్ఎన్ఎంపీ అని ఒక పద్ధతి ఉంది. వేడి ఎంత, ఫ్యాను తిరుగుతోందా అని సర్వరు అడుగుతుంది, అవి జవాబిస్తాయి. పాత రకంలో దానికి తాళం ఒక్క మాటే. చూడ్డానికి 'పబ్లిక్', మార్చడానికి 'ప్రైవేట్'. తయారుచేసినవాళ్లు పెట్టి పంపే మాటలవి, ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. రెండోది తెలిస్తే అడగడమే కాదు, ఆగిపొమ్మని కూడా చెప్పొచ్చు. ఉద్యోగంలో చేరగానే వీటిని మార్చాలని మేనేజరుని అడిగాను. "నడుస్తున్నదాన్ని కదపకండమ్మా, ఈ సీజన్ అయ్యాక చూద్దాం" అన్నాడు. ఆయనది కోస్తా వైపు. అప్పటిదాకా నాతో ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడాడు.

లాప్‌టాప్ పట్టుకుని తిరిగొచ్చేసరికి ఎలక్ట్రీషియన్‌ని వెల్లకిలా తిప్పారు. పైపు ఎడమ చెవి మీద పడింది. చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. అతను అరవడం మానేశాడు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

"సార్, ఆపుండ్రి! అన్న కాదు చేసింది. బయటినుంచి ఎవరో చేసిండ్రు!" అని అరిచాను.

"మీరు లోపలికి వెళ్లండి. ఇది ఆడవాళ్ల విషయం కాదు."

మళ్లీ పైపు లేచింది. ఇంక చెప్పి లాభం లేదనిపించింది. అక్కడే చెక్క ప్యాలెట్ మీద కూర్చుని, డ్రైవర్ల కోసం క్యాంటీన్‌లో పెట్టిన వైఫైకి లాప్‌టాప్‌ని కలిపాను. ఆగిపొమ్మని ఆదేశం కొట్టి, చివర 'ప్రైవేట్' అనే ఆ పాడు మాట పెట్టాను.

వెనక ఖాళీ చేసిన కోల్డ్ రూములో ఫ్యాన్లు ఆగిపోయాయి. ఎప్పుడూ ఉండే ఆ హోరు పోయేసరికి అందరూ అటు తిరిగారు.

"ఇప్పుడు ఎవరు ఆపిండ్రు సార్?" అన్నాను. "అన్న మీ కాళ్ల కిందనే ఉన్నడు కదా. క్యాంటీన్‌ల చాయ్ తాగుకుంట ఎవరైనా ఆపొచ్చు."

మేనేజరు నా వైపు చూశాడు. అర్థమైందని అనుకున్నాను. అర్థమైంది, కానీ వేరేగా.

"అయితే నువ్వే."

రెండంగల్లో మీదికొచ్చాడు. లాప్‌టాప్ లాక్కుని నేలకేసి కొట్టాడు. అడ్డం పెట్టిన నా కుడిచేతి మీద పైపు దిగింది. మణికట్టులో ఎండుకట్టె విరిగిన చప్పుడు నాకే వినిపించింది. జుట్టు పట్టి షట్టరు వైపు ఈడ్చాడు. తల ఇనుముకి తగిలి కళ్లు బైర్లు కమ్మాయి.

అప్పటిదాకా కదలని హమాలీలు అప్పుడు కదిలారు. బస్తాలు లాగే ఇనుప కొక్కేలు వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఒకతను సెక్యూరిటీవాడి చెంప చీల్చాడు. ఇంకొకడి మీద పెట్టెలు కూలాయి. మేనేజరుని కింద పడేసి కాళ్లతో తన్నారు, అతని పళ్లు రాలి రక్తంతో పాటు నేల మీద పడ్డాయి. నాకు జాలి కలగలేదు. ఇంకా తన్నితే బాగుండనిపించింది.

ఆపింది ఎలక్ట్రీషియనే. మోచేతుల మీద లేచి, ఒక హమాలీ కాలు గట్టిగా పట్టుకున్నాడు.

"ఇడిశిపెట్టుండ్రి అన్నా. సచ్చిపోతడు. మనం జైల్ల పడతం. మన పిల్లలకు ఎవరు దిక్కు?"

తర్వాత పోలీసులొచ్చారు. మమ్మల్ని దవాఖానకు తీసుకుపోయారు. కోల్డ్ రూములు ఆపినవాణ్ని కొన్నాళ్లకు పట్టుకున్నారు. ఆ కంట్రోలర్లు బిగించినవాడే, గొడవపడి కాంట్రాక్టు పోగొట్టుకున్నవాడు. క్యాంటీన్‌లో డ్రైవర్ల మధ్య కూర్చుని, ముందు నా సర్వరు నోరు మూయించి, తర్వాత రూములు ఆపాడు.

గోదాము యజమాని ఫోన్ చేసి, వ్యవస్థ సరిచేసిపెట్టమని బతిమాలాడు. మా ఇద్దరి చికిత్స ఖర్చంతా భరించాలని, మేనేజరు మీద కేసుకి అడ్డం రావద్దని చెప్పి, చేతికి పట్టీతోనే వెళ్లాను. ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొడుతూ పని చేశాను. డ్రైవర్ల వైఫైని ఆ నెట్‌వర్క్ నుంచి విడదీశాను. ప్రతి యంత్రంలో ఎస్ఎన్ఎంపీ కొత్త రకం, మూడోది పెట్టాను. అందులో అడిగే ప్రతివాడికీ సొంత పేరు ఉండాలి, ఆ పేరు తనదే అని రుజువు చేసే సంకేతపదం ఒకటి, మాటల్ని గుప్తంగా చుట్టే సంకేతపదం ఇంకొకటి. చూడ్డానికే అనుమతి, మార్చడానికి లేదు. నా సర్వరు తప్ప ఇంకెవరు అడిగినా జవాబివ్వద్దని కట్టడి. కొత్తది పెట్టి పాతది తెరిచి వదిలేస్తే అంతా దండగ. అందుకే పాత రకాన్ని ఒక్కోదాంట్లో మూసేసి, బయటినుంచి పాత మాటతో పిలిచి చూశాను. పలకలేదు. ఒక పాత కరెంటు పెట్టెకి కొత్త రకం రాదు. దాని నెట్‌వర్క్ వైరు నా చేత్తోనే పీకేశాను. పీకుతుంటే పళ్లు కొరుక్కుంటున్నానని తర్వాత తెలిసింది, దవడ నొప్పెట్టింది.

కోర్టులో నేను చూసింది చూసినట్టు చెప్పాను. మేనేజరుకి శిక్ష పడింది. కొక్కెం ఎత్తిన హమాలీకి కూడా పడింది. ఆ రెండోది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఎలక్ట్రీషియన్ మళ్లీ గోదాముకి రాలేదు. మైలార్‌దేవ్‌పల్లిలో మోటార్లు వైండింగ్ చేసే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. మొన్న వెళితే నేను మాట్లాడుతున్నా తల తిప్పడం లేదు. అతని భార్య నా భుజం తట్టింది.

"గా చెవు ఇనవడదు అక్కా. ఇటు దిక్కు రా."

స్టూలు జరుపుకుని కుడివైపు కూర్చున్నాను. అప్పుడు నవ్వి, "ఎప్పుడొచ్చినవ్ చెల్లె?" అన్నాడు.