నా మోటారు నా మాటే వింటుంది

ఫోను బ్యాటరీ మార్పించుకుందామని నరసరావుపేట వెళ్ళి, కొట్లో బల్ల మీద కూర్చున్నచోటు నుంచి కదలకుండా, పదిహేను కిలోమీటర్ల అవతల ఒక ఆడమనిషి ఏడాది కష్టాన్ని ముంచి వచ్చినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ముంచానంటే ఏదో మాటవరసకి అంటున్నాననుకునేరు. నిజంగానే ముంచాను. అయిదు హార్స్‌పవర్ మోటారుతో, రెండు గంటల పాటు.

నాలుగేళ్ళ కిందటి సంగతి. మాది రొంపిచెర్ల దగ్గర పల్లె. డిగ్రీ తప్పి వ్యవసాయంలోకి వచ్చాను. డిగ్రీ తప్పినా తెలివి తప్పలేదని ఊరికి చూపించాలన్న దురద ఒకటి నాకు ఎప్పుడూ ఉండేది. ఆ దురద తీర్చుకోవడానికే ఊళ్ళో అందరికంటే ముందు నా బోరుకి మొబైల్ స్టార్టర్ పెట్టించాను. దాని సంగతి తెలియనివాళ్ళకి చెబుతాను. చేలో ఉన్న స్టార్టర్ పెట్టెలో ఒక సిమ్ము ఉంటుంది. మన ఫోను నుంచి దానికి ఫోను చేస్తే లోపల ఒక అమ్మాయి గొంతు పలుకుతుంది. ఒకటి నొక్కితే మోటారు ఆన్. రెండు నొక్కితే ఆఫ్. అంతే.

బిగించడానికి వచ్చిన మెకానిక్ మంచివాడు. "ఇంకో మూడు నంబర్లు ఎక్కించుకోవచ్చు సార్. ఇంట్లోవాళ్ళవి చెప్పండి" అన్నాడు.

"అక్కర్లేదు. నా మోటారు నా మాటే వినాలి" అన్నాను.

మా ఆవిడ పక్కనే ఉంది. నా మొహం చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ పెట్టెకి తాళం కూడా వేసి, తాళంచెవి బండి తాళాలగుత్తికి తగిలించుకున్నాను. ముఖ్యమంత్రికి కూడా అంత బందోబస్తు ఉండదు.

ఇక కోటమ్మక్క గురించి చెప్పాలి. నాకు సొంత అక్క కాదు, చేను పక్క చేను. భర్త పోయాక ఎకరంన్నర కౌలుకి తీసుకుని ఒక్కతే మిరప వేసింది. కూతురు మాచర్లలో ఉంటుంది. అక్క ఫోను ఒకసారి నీళ్ళ తొట్లో పడి పాడైపోయింది, మళ్ళీ కొనలేదు. సిమ్ము మాత్రం కొంగున ముడేసుకుని తిరిగేది. కూతురితో మాట్లాడాలనిపిస్తే నా దగ్గరికి వచ్చి ముడి విప్పేది. నా ఫోన్లో ఆ సిమ్ము వేసుకుని మాట్లాడి, మళ్ళీ తీసి ముడేసుకునేది.

"ఏందక్కా, బంగారమా అంత భద్రంగా ముడేశావు? నా నంబరు నుంచే చెయ్యొచ్చుగా" అని నవ్వేవాణ్ణి.

"నీ నంబరైతే మా అల్లుడు ఎత్తడురా. ఇదైతే నేనని తెలిసి పిల్లకిత్తాడు" అనేది. ఈ కాలంలో సిమ్ము కొంగున ముడేసుకునే మనిషి ఉందని నేను పేటలో కూడా చెప్పి నవ్వుకున్నాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఆ ఏడు అక్కకి కాయ ఆరబోసుకోవడానికి చోటు లేదు. నా చేలో పంట తీసేసి ఖాళీగా ఉంది. "నా చేలో ఆరబోసుకో అక్కా. దుక్కి దున్నేదాకా ఈ చేనుకి నీళ్ళు పెట్టే పనే లేదు" అన్నాను.

"మాటేనా?"

"మాటే. మోటారు జోలికే పోను."

చేను కింది చెక్కలో, అంటే పల్లపు ముక్కలో, నేల చదును చేసి, కాయంతా పరిచింది. ఎర్రగా, కళ్ళు చెదిరేట్టుగా ఉంది కాయ. పగలు కాళ్ళతో తిరగేసేది, చీకటి పడితే అక్కడే దుప్పటి కప్పుకుని కాపలా పడుకునేది. ఇంకో రెండెండలు తగిలితే గోతాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి పంపించాలి. కౌలు కట్టాలన్నా, మళ్ళీ ఏడు చేను పట్టాలన్నా ఆ కాయే ఆధారం.

సరిగ్గా అప్పుడే నా ఫోనుకి పోగాలం వచ్చింది. అయిదేళ్ళనాటి ఫోను. వెనక డొప్ప పూరీలా పొంగింది. ఇరవై శాతం ఉందని చూపించేది, మనం "హలో" అనేలోపు ఆరిపోయేది. బ్యాటరీ మార్పిద్దామని పేట బయలుదేరాను.

పేటలో శేషు అని ఒకతనికి ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. నేను వెళ్ళేసరికి నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. శేషు నా ఫోను చేతిలోకి తీసుకుని బరువు చూసినట్టు అటూ ఇటూ తిప్పాడు.

"అన్నా, ఇది చానా పాతది గదా. బ్యాటరీ దొరకటం కష్టం. కొత్తది తీసుకోరాదూ?"

అది నాకు గుచ్చుకుంది. నలుగురిలో నా ఫోన్ని ముసలిది అంటాడా?

"పాతదా? ఈ ఫోను ఏం చేస్తుందో తెలుసా నీకు? ఇక్కడ కూర్చుని రొంపిచెర్ల దగ్గర మోటారు వేస్తుంది" అన్నాను.

బల్ల చివర కూర్చున్న పెద్దాయన, "ఊరుకోవయ్యా, చెప్పటానికైనా ఉండాల" అన్నాడు.

ఆయన ఆ మాట అనకపోతే ఈ కథ లేదు. ఫోను తీసుకున్నాను. ఇరవై రెండు శాతం ఉంది. మోటారు నంబరు నొక్కి, అందరికీ వినపడేట్టు స్పీకరు పెట్టాను. కోటమ్మక్క కాయ సంగతి గుర్తులేక కాదు. గుర్తుంది. ఒకటి నొక్కి, వీళ్ళ నోళ్ళు తెరిపించి, వెంటనే రెండు నొక్కేద్దాం, అర నిమిషంలో పోయే నీళ్ళు కాలవలోనే ఇంకిపోతాయి అనుకున్నాను. ఒకటి నొక్కాను.

"మోటారు ఆన్ అయినది" అంది అమ్మాయి.

కొట్లో అందరూ "ఓహో" అన్నారు. పెద్దాయన లేచి నిలబడి మరీ ఫోన్లోకి తొంగిచూశాడు. ఆ "ఓహో" చెవులారా విని, ఒక క్షణం ఎక్కువే విని, రెండు నొక్కబోయాను. తెర నల్లబడింది.

మళ్ళీ ఆన్ చేశాను. కంపెనీ బొమ్మ వచ్చింది, పోయింది. చార్జరు పెట్టాను. బొమ్మ వచ్చింది, పోయింది.

"మరి మోటారో?" అన్నాడు పెద్దాయన.

"దానంతటదే ఆగుతుందండీ. ఆటోమేటిక్" అన్నాను.

ఎందుకన్నానంటారా? ఇప్పుడే "ఓహో" అన్నవాళ్ళ ముందు "ఆపడం నా చేతిలో లేదు" అని చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నపళాన బండెక్కి చేనుకి పోవచ్చు కదా అని కూడా మీరు అడుగుతారు. అడగండి. గట్టిగా తోలితే అరగంట. కానీ అక్కడికి పోతే అక్క ఎదురుగా నిలబడాలి. ఇక్కడి నుంచే ఆపేస్తే నీళ్ళు కాసేపు వచ్చి ఆగిపోయాయి, కరెంటోళ్ళ పనేమో అనుకుంటుంది. నా పేరు బయటికి రాదు. అదీ నా లెక్క. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పూట నేను చూసుకున్నది కాయని కాదు, నా పరువుని.

"బ్యాటరీ ఎంతసేపట్లో వేస్తావు శేషూ?"

"అరగంట అన్నా."

అరగంటే కదా అనుకున్నాను. శేషు ముందుగా ఫోను పక్కనున్న బుల్లి సొరుగులో నుంచి సిమ్ము తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది జాగర్తన్నా, పోగొట్టుకోమాక" అన్నాడు. నేను దాన్ని కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు మీద ఒకసారి తట్టి చూసుకున్నాను.

వేడిగాలి మిషనుతో వెనక డొప్ప వెచ్చబెట్టి, పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి ఊడదీశాడు. లోపల బ్యాటరీ నిండు చూలాలిలా ఉంది. అడుగున జిగురు పట్టుకుని కదలడం లేదు.

"గట్టిగా లాగు శేషూ!"

"లాగితే చిరిగి మంట వత్తది. కొట్టు తగలబడుద్ది. నీకేమన్నా అర్జంటా?"

"అబ్బే, నాకేం అర్జంటు?" అన్నాను బల్ల అంచున కూర్చుని.

చుక్క చుక్కగా స్పిరిట్ పోస్తూ, పసిబిడ్డని ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు ఎత్తాడు. పావుగంట. కొత్త బ్యాటరీ కోసం పక్క బజారుకి పోయాడు. ఇంకో అరగంట. తెచ్చినదాని తీగ ఎడమవైపుంది, నా ఫోనుకి కుడివైపు కావాలి. మళ్ళీ పోయాడు.

ఈలోపు నేను కొట్లో కూర్చున్న ఒకాయన ఫోను అడిగి తీసుకుని, "ఇంటికి చేస్తా" అని చెప్పి వీధిలోకి వెళ్ళి మోటారుకి చేశాను. నా భార్య నంబరు నాకు నోటికి రాదు, మోటారు నంబరు మాత్రం వస్తుంది. అమ్మాయి చల్లగా, "ఈ నంబరుకు అనుమతి లేదు" అంది. మళ్ళీ చేశాను. అనుమతి లేదు. "ఓసి నీ దుంపతెగ, నేనే! నీ యజమానిని!" అని నడివీధిలో అరిచాను. సోడా బండి దగ్గర ఇద్దరు నావైపు తిరిగి చూశారు. నా నంబరు ఉంటే చాలు కదా, నా నంబరు ఒక్కటి ఉంటే చాలు అని తల పట్టుకున్నాను. తల పట్టుకోవడానికి వంగినప్పుడు జేబులో కాగితం గుచ్చుకుంది. సర్దుకున్నాను.

ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆ ఎండకి కాయ ఎంత బాగా ఆరేదో అనిపించింది. నీళ్ళు ఈపాటికి కాలవ దాటి ఉంటాయి. ఈపాటికి కింది చెక్కలోకి దిగి ఉంటాయి. అక్క పెట్టె దగ్గరికి పరుగెత్తి ఉంటుంది. దానికి తాళం. ఎవరికన్నా ఫోను చేద్దామంటే అక్క దగ్గర ఫోను లేదు. చేనుకి, ఊరికి మధ్య రెండు కిలోమీటర్లు. ఇవన్నీ బల్ల మీద కూర్చునే చూశాను. ఇప్పుడు పోదామంటే, ఇంత ఆలస్యంగా ఏం మొహం పెట్టుకుని పోవాలి? ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది కదా అనుకున్నాను. అలా నాలుగు సార్లు అనుకున్నాను.

చివరికి బ్యాటరీ పట్టింది. ఫోను వెలిగింది. వెలిగి, ముసలాయన నిద్రలేచి కళ్ళజోడు వెతుక్కున్నట్టు, ఒక్కొక్క యాప్‌నే సర్దుకోవడం మొదలుపెట్టింది. అదయ్యాక జేబులో కాగితం విప్పి, సిమ్ము నా చేత్తోనే వేశాను. రెండు నొక్కాను.

"మోటారు ఆఫ్ అయినది."

రెండు గంటల అయిదు నిమిషాలు.

బండి ఎలా తోలానో నాకు తెలియదు. గట్టు మీదికి ఎక్కి చూశాను. కింది చెక్క అంతా చెరువై ఉంది. ఎర్రటి కాయ నీళ్ళ మీద తేలుతోంది. కోటమ్మక్క మోకాళ్ళదాకా చీర ఎగ్గట్టి, బురదలో నిలబడి, రెండు చేతులతో కాయ తోడి తట్టలోకి ఎత్తి, గట్టు మీద పోస్తోంది. చేతులు మిరప ఘాటుకి కందిపోయి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి ఎత్తుతోందో, గట్టు మీద ఎత్తింది చిన్న కుప్ప. నీళ్ళలో ఉన్నదే ఎక్కువ. నానిన కాయ మళ్ళీ ఎండినా తెల్లబడి తాలు అవుతుంది. యార్డులో దాని మొహం ఎవరూ చూడరు.

నన్ను చూసి అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఎట్టా ఆనయిందిరా?" అంది.

"అదే అక్కా, కరెంటు వచ్చినప్పుడు దానంతటదే..."

"ఆంజనేయులూ." పేరు పెట్టి పిలిచింది, అంతే.

అంతా చెప్పేశాను. పేట, పెద్దాయన, ఓహో, బ్యాటరీ. చెబుతూ తట్ట అందుకుని నీళ్ళలోకి దిగాను. అక్క వింటూనే ఎత్తుతోంది. అంతా విన్నాక నడుము పట్టుకుని లేచింది.

"ఫోను ఇప్పదీశారు, సరే. సిమ్మేడుంది అంతసేపు?"

"జేబులో."

"ఆ కొట్లో ఇంకో ఫోను లేదా?"

ఆ కొట్లో గోడ నిండా ఫోన్లే ఉన్నాయి. అక్క బురద చేత్తోనే కొంగు ముడి విప్పి, తన సిమ్ము తీసి నా కళ్ళ ముందు పెట్టింది.

"రోజూ నీ ముందు చేసేదాన్నే గదరా" అంది. అని, మళ్ళీ ముడేసుకుని, వంగి కాయ ఎత్తడం మొదలుపెట్టింది. ఏడుస్తోందో, ఘాటుకి కళ్ళు మండుతున్నాయో నేను తలెత్తి చూడలేదు. నాకు మాత్రం ఘాటు కాదు.

ఆ తర్వాత వారం రోజులు నేను, మా ఆవిడ అక్కతో పాటు కళ్ళంలో కూర్చుని తాలు ఏరాం. మంచికాయ మూడో వంతు కూడా మిగల్లేదు. మరుసటి ఏడు అక్కకి కౌలు దొరకలేదు. నా పొలంలోనే ఎకరంన్నర దున్నుకోమని చెప్పాను. గొప్పగా చెప్పుకోవడానికి కాదు, అంతకన్నా ఏం చెయ్యాలో తెలియక. ఆ ఫోను, కొత్త బ్యాటరీతో సహా, అక్కకే ఇచ్చేశాను. మెకానిక్కుని పిలిపించి స్టార్టరులో నా నంబరు తీయించి, కోటమ్మక్క నంబరు మొదట, మా ఆవిడ నంబరు రెండోది ఎక్కించాను. మూడోది నాదా అని మెకానిక్ అడిగితే, మా ఆవిడే వద్దని చెప్పింది. పెట్టెకి తాళం లేదు.

అందువల్ల సమస్త పాఠకులకు వినయంగా మనవి చేసుకుంటూ, మా ఊరి ట్రాన్స్‌ఫార్మరు సాక్షిగా నేను చేస్తున్న ప్రతిజ్ఞ ఇది. ఇక మీదట నలుగురు కూర్చున్నచోట ఫోను బయటికి తీయను. ఎవరైనా "ఓహో" అంటే, వాళ్ళు అనడం పూర్తయ్యేదాకా ఆగను. సిమ్ము కొంగున ముడేసుకునే మనిషిని చూసి ఈ జన్మలో నవ్వను.

మొన్న నారు మడికి తడి కావాల్సి వచ్చింది. కోటమ్మక్కకి ఫోను చేసి, "అక్కా, ఒక గంట మోటారు వెయ్యవా?" అని అడిగాను.

"ఎవరికి చూపించటానికిరా?" అంది.