బీరయ్యకు వదిలిన మాటలు

పాలకుర్తి మీద నేను ఇదివరకు రాసిన యాత్రా కథనంలో ఒక ముసలి గొర్రె ఉంది. తన ఉన్ని కత్తిరించిన మల్లన్న దేవుడితో అది పంచాయితీ పెట్టుకుంటుంది: "చలి నాకు, గొంగడి నీకా?" ఆ గొర్రెను చాలామంది మెచ్చుకున్నారు. సభల్లో నాతో చదివించారు. అది నా కల్పన కాదు. పాలకుర్తిలో ఒగ్గు కథ చెప్పే బీరయ్య ఒక మధ్యాహ్నం తన ఇంటి అరుగు మీద కూర్చుని నాకు చెప్పినది. నా కథనంలో ఆయన పేరే లేదు.

ఆ సంగతి ఆయన ఎదుటే ఒప్పుకోవాలని మొన్న బయలుదేరాను. భూపాలపల్లిలో ఉదయం పదిన్నరకు బస్సు. చెల్పూర్ దాటాక కూడా విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చాలాసేపు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉన్నాయి. హనుమకొండలో భోజనం చేసి రెండింటికి పాలకుర్తి బస్సెక్కాను. సగం దారి నిలబడే ప్రయాణం. సీటు దొరికాక పక్కనున్న పెద్దాయన, "ఎవలింటికి?" అన్నాడు.

"ఒగ్గు బీరయ్య ఇంటికి."

"మంచిరోజు వస్తున్నవ్. ఇయ్యాల కత ఉన్నది. బీరయ్యనే చెప్తడు."

నాలుగున్నరకు దిగాను. ఎందరో కవులను కన్న ఊరు. గుట్ట మీది గుడి చూడకుండా ఎవరూ వెళ్లరు. నేనూ ఎక్కాను. నిజానికి బీరయ్యను కలిసే ఘడియను వాయిదా వేసుకున్నాను. దిగేసరికి ఆరు. గుట్ట కింద ధోలు మోగుతోంది.

బీరయ్య ఇంటి ముందు పందిరి, వందమంది దాకా జనం, మిర్చి బజ్జీల బండి. గడప పక్కన దండ వేసిన ఫొటో. ఆయన పోయి పదకొండు రోజులట.

పందిరి నడుమ ఒక గొంగడి పరిచి, దాని మీద ఆయన గజ్జెలు పెట్టారు. ధోలు కొట్టే సాయిలుది తొర్రూరు. "గిది మా మేళం రివాజు సార్. పదకొండో నాడు ఆయిన కత ఆయిననే చెప్తడు. మేం వంత పాడుతం, గంతే" అన్నాడు.

కథ మొదలైంది. బీరయ్య మాట రావలసిన చోట ధోలు ఆగుతుంది. ఆ మాట ఎంతసేపు పట్టేదో అంతసేపూ నిశ్శబ్దం. గుట్ట బండల నుంచి చివరి దెబ్బ మళ్లీ వినిపిస్తుంది. తర్వాత వంతవాళ్లు ఏమీ జరగనట్టు బదులు పాడతారు.

"ఓ బీరన్నా, జర గట్టిగ చెప్పు! ఎన్కకు ఇనవడ్తలేదు!" అని ఒకామె ఖాళీ గొంగడి మీద అరిచింది. అందరూ నవ్వారు.

గొర్రె ఘట్టం వచ్చింది. ధోలు ఆగింది. కాసేపటికి వెనక వరుసల్లో నవ్వు పుట్టి పందిరంతా పాకింది. సరిగ్గా ఎక్కడ నవ్వాలో అక్కడే. ఆ గొర్రె మాటకు నా పెదవులు కదలడం పక్కనున్నామె చూసింది.

"నువ్వు గూడ ఆయిన నోట విన్నవా అన్నా?"

"లేదమ్మా. యాడనో చదివిన."

"ఆయినకు రాయనే రాదు. ఎట్ల చదివినవ్?"

లేచి బస్టాండుకు నడిచాను. జనగామ బస్సు ఏడున్నరకు కదిలింది. అక్కడ లాడ్జి దొరుకుతుంది. ఊరి చివర కిటికీలోంచి ధోలు వినిపించి ఆగింది. తర్వాత నవ్వు. ఆ ఆగిన చోట బీరయ్య ఏం చెప్పి ఉంటాడో నాకు తెలియలేదు. నేను దొంగిలించిన ఒక్క మాట తప్ప ఆయనవి నాకేమీ రావు.

"ఆపు అన్నా, దిగాలె" అన్నాను.

వెనక్కి నడిచి పందిట్లోకి వెళ్లాను. బీరయ్య భార్య ఎల్లవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "అవ్వా, నీతోని ఒక మాట" అంటూ పక్కన కూలబడి అంతా చెప్పాను.

ఆమె నా ముఖం చూడలేదు. "నాకెందుకు బిడ్డా? ఆయిననే ఉన్నడు గద, చెప్పు" అని సాయిలుకు చెయ్యి ఊపింది. ధోలు ఆగింది. జనమంతా నా వైపు తిరిగారు.

గొంగడి ముందు నిలబడ్డాను.

"బీరన్నా, గొర్రె మాట నీది. నాదని అచ్చేసుకున్న. నువ్వున్నప్పుడు వచ్చి చెప్పకపోతి. తప్పయింది. మాఫ్ చెయ్యి."