బొగ్గు మచ్చ

ఖమ్మంలో ఒక మెడికల్ కాలేజీలో నేను అనాటమీ చెప్పేదాన్ని. నాతో చదివినవాళ్లు పిల్లల డాక్టర్లు, కళ్ల డాక్టర్లు అయ్యారు. కొత్తగూడెంలో మా బొగ్గు గని క్వార్టర్స్ వాళ్లు నన్ను చూస్తే "అగో, సచ్చినోళ్ల డాక్టరమ్మ వచ్చింది" అని నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఏరికోరి ఆ ఉద్యోగంలో ఎందుకు చేరానో మా అమ్మకు ఒక్కదానికే తెలుసు. భద్రాచలంలోనో, కొత్తగూడెంలోనో, మధిర స్టేషన్లోనో ఊరూ పేరూ తెలియని మనిషి చనిపోయి, ఎవరూ రాకపోతే, చాలావరకు ఆ శవం పిల్లలు కోసి నేర్చుకునే మా కాలేజీ హాలుకే చేరేది.

మా నాయిన బాయి పని చేసేవాడు. బొగ్గు గనిని మా వైపు బాయి అంటారు. నేను ఇంకా డాక్టరు చదువులో ఉండగా, చర్లలో పాత దోస్తును చూసొస్తానని బస్సెక్కి పోయాడు. మళ్లీ రాలేదు. ఆ దోస్తు ఇంటికి అసలు చేరనే లేదు. పోలీసులకు చెప్పాం. గోదావరి ఒడ్డు పొడుగునా అడిగాం. అడవి ఊళ్లలో ఫొటో చూపిస్తూ తిరిగాం. చూశామన్నవాళ్లు ఉన్నారు, చూడలేదన్నవాళ్లు ఉన్నారు. కొన్నేళ్లకు చుట్టాలు అమ్మ మీద పడ్డారు. దర్భలతో బొమ్మ చేసి కాల్చేద్దాం, ఆ మట్టెలు తీసెయ్, ఇంకెన్నాళ్లు అన్నారు. వాళ్ల తొందర చూస్తే నాకు ఒళ్లు మండేది.

"మనిషిని సూడకుంట మట్టెలెట్ల తీస్త?" అంది అమ్మ. ఆ తర్వాత ఆ మాట ఎత్తినవాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

నాయినకు ఎడమ కనుబొమ్మ మీద నీలం మచ్చ ఉండేది. బాయిలో దెబ్బ తగిలినప్పుడు బొగ్గు పొడి గాయంలోకి పోతుంది. గాయం మానినా ఆ రంగు చర్మం కిందే ఉండిపోతుంది. మా క్వార్టర్స్‌లో దాదాపు ప్రతి మగమనిషికీ ఒంటి మీద ఎక్కడో ఒకచోట అలాంటిది ఉండేది. మీసం లాగే అది కూడా వయసొస్తే వచ్చేదేమో అని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

ఏటా కొత్త బ్యాచ్ కోసం శవాలను బల్లల మీదికి చేర్చినప్పుడు నేను ముందు కనుబొమ్మలు చూసేదాన్ని. అమ్మ కాయిన్ బాక్స్ నుంచి ఫోన్ చేసేది.

"కొత్తోళ్లొచ్చిన్రా?"

"వచ్చిన్రు."

"ఉన్నడా?"

"లేడమ్మా."

"తిన్నవా మరి?"

మొదట్లో ఫోన్ పెట్టేశాక హాల్లోకి పోయి ఇంకోసారి చూసొచ్చేదాన్ని. పోను పోను ఏమీ అనిపించేది కాదు. క్లాసులో హాజరు పిలిచినట్టే ఉండేది.

ఒక ఏడాది ఆ మచ్చ కనిపించింది. అదే ఎడమ కనుబొమ్మ. నిలవ ఉండడానికి మందు ఎక్కించిన ముఖం ఉబ్బిపోతుంది, ముక్కూ పెదవులూ చూసి ఎవరో చెప్పలేం. నా గుండె గబగబా కొట్టుకోలేదు. కొట్టుకోవడం లేదని గమనించి, ఆ మనిషి ఎడమ చెయ్యి తిప్పి చిటికెన వేలు చూశాను. నాయిన వేలు ఒకసారి విరిగి వంకరగా అతుక్కుంది. ఈ వేలు తిన్నగా ఉంది. నాయిన కాదు. బతికే ఉన్నాడేమో అన్న ఆశ కలగలేదు. ఈయనే అయి ఉంటే బాగుండేది అనిపించింది, అంతే.

మా ప్రొఫెసర్ గారు కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. ఈ మనిషి బాయిలో పనిచేసినవాడని ఆయనకు చెప్పి మచ్చ చూపించాను. "అయితే ఇంటివాళ్లు ఉండే ఉంటారమ్మా, ఆగుదాం" అన్నారు. పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లు గనుల దగ్గర అడిగించారు. ఆ బల్ల దగ్గర క్లాసు మొదలుపెట్టకుండా ఎదురుచూశాం. ఎవరూ రాలేదు.

ఈలోగా అమ్మ ఫోన్ వచ్చింది. "నాయిన కాదు గానీ, బాయి మనిషే. మచ్చ గూడ గాడనే ఉంది" అన్నాను.

"నేనొచ్చి సూస్త."

"నేను సూసిన గదమ్మా. వేలు గూడ సూసిన."

"నువ్వు సూసినవ్. నేను సూడలె."

ప్రొఫెసర్ గారు ఒప్పుకున్నారు. క్లాసు పిల్లలు లేని వేళ చూసి అమ్మను తీసుకెళ్లాను. వద్దంటున్నా హాలు బయటే చెప్పులు విడిచింది. మందు ఘాటుకు కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, "ఏడుస్తలేను, మంట" అంది. చాలాసేపు ముఖంలోకి చూసింది. బొటనవేలితో మచ్చను తడిమింది.

"మీ నాయిన కాదు" అంది. అని అక్కడే నిలబడిపోయింది. "ఈయన్నేం జేస్తరు?"

"పిల్లలకు చూపిస్త. మొదటి రోజు కత్తి పట్టనియ్య. వేళ్లతోటి పక్కబొక్కలు లెక్కబెట్టిస్త. ముందు ఆయనవి, తర్వాత వాళ్లవి."

"ఎందుకు?"

"రేపు ఎవరికన్న ఛాతిల నీరు చేరితే గొట్టం ఎయ్యాలె. బొక్క పై అంచు మీదికెల్లి పోవాలె. కింది అంచుకు నరం, రక్తనాళాలు ఉంటయి. తగిలితే రక్తం పోతది."

అమ్మ చీర మీద నుంచే తన పక్కటెముకలు తడుముకుంది. "అంత అయినంక?"

"మిగిలింది కాలుస్తం. పిల్లలు పూలు పట్టుకొని వస్తరు."

అమ్మ గుడ్డను ఆయన మెడ దాకా సరిగ్గా కప్పింది. "గట్లయితే మీ నాయినవి గూడ ఏడనో ఓ కాడ పిల్లలు లెక్కబెట్టిన్రేమో, బిడ్డా" అంది.

ఇన్నేళ్లలో నాకు ఆ ఆలోచన రాలేదు. వేరే ఊళ్లలోనూ కాలేజీలున్నాయి, బల్లలున్నాయి. నేనేమో మా హాలు గుమ్మం దగ్గరే కాపలా కాశాను. అమ్మను బస్సెక్కించి వచ్చి టీ తాగాను. రుచి తెలియలేదు.

క్లాసులు మొదలయ్యాయి. ఛాతీ తెరిచిన రోజు ఊపిరితిత్తులు నల్లగా బయటపడ్డాయి. "బాగా సిగరెట్లు తాగేవాడా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. "కాదు, బాయిలో పని చేసిండు" అన్నాను. క్లాసులో ఎప్పుడూ రాని మా ఇంటి మాట నోట్లోంచి వచ్చేసింది. కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడి, మళ్లీ పాఠం చెప్పాను.

తర్వాతి ఆదివారం కొత్తగూడెం వెళ్లాను. అమ్మ నన్ను కింద కూర్చోబెట్టి, పప్పూ, చింతకాయ తొక్కూ వేసి, అన్నం గిన్నె పట్టుకుని నా ముందు నిలబడింది. ముద్ద కలుపుతూ తల వంచితే అమ్మ పాదాలు కనిపించాయి. వేళ్లకు మట్టెలు లేవు. అవి ఉండే చోట చర్మం తెల్లగా, మెత్తగా ఉంది.

"పక్కబొక్కలయినయా?" అని అడిగింది.

"అయినయమ్మా."

"మంచిగ నేర్చుకున్నరా పిల్లలు?"

"నేర్చుకున్నరు."

"తిను మరి" అని, ఇంకొంచెం అన్నం పెట్టింది.