స్తోత్రాల కింద ఆయన గొంతు

సుగుణకుమారి ఉండేది లండన్ శివారు హేస్‌లో, ప్రభుత్వం అద్దెకిచ్చే ఒక కౌన్సిల్ ఫ్లాట్‌లో. తెనాలిలో నర్సుగా మొదలుపెట్టి, ఇక్కడి కేర్‌హోమ్‌లో పద్దెనిమిదేళ్లుగా ముసలివాళ్లకు స్నానాలు చేయిస్తోంది. భర్త జ్ఞానప్రకాశం పోయి నాలుగేళ్లయింది. ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఒక్కచోటే మిగిలింది: లాక్‌డౌన్‌లో తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన ప్రార్థనకూటంలో. ఆ రోజు ఆయన పావుగంట ప్రార్థన చేశాడు. ఆ పేజీలో వినడానికే తప్ప దాచుకోవడానికి వీల్లేదు. శనివారంతో దాన్ని మూసేస్తున్నామని సంఘం నుంచి మెసేజ్ వచ్చింది.

పై ఫ్లాట్‌లో ఉండే కిరణ్మయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయిది కాకినాడ, కంప్యూటర్ ఉద్యోగం.

"అదెంత పని ఆంటీ! అది ప్లే అవుతుంటే కంప్యూటర్లోనే రికార్డు చేసుకోవచ్చు. నేను మాంచెస్టర్‌లో ఉన్నాను, సోమవారం వచ్చి చేసిపెట్టనా?"

"సోమవారానికి ఆ పేజీ ఉండదమ్మా."

"అయితే రాసుకోండి. రికార్డర్ తెరిస్తే రెండు గుర్తులుంటాయి, మైకు, స్పీకరు. స్పీకరు గుర్తే నొక్కండి."

"రాసుకున్నాలే. ఇన్నేళ్లు మందుల చార్టులు రాసినదాన్ని, నీ రెండు గుర్తులు నాకొక లెక్కా!"

శనివారం మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. గొంతు పట్టాలంటే మైకే కదా అనిపించింది. తనే తప్పు రాసుకున్నాననుకుని మైకు నొక్కింది. "పరిశుద్ధుడవైన తండ్రీ" అని ఆయన మొదలుపెట్టగానే కళ్లు మూసుకుంది. ఎవరైనా ప్రార్థిస్తుంటే నోరు మూసుకుని కూర్చోవడం ఆమె పెరిగిన సంఘంలో లేదు. ముప్ఫయ్యేళ్లు ఆయన పక్కన మోకరించి అన్నట్టే, మాటమాటకీ "స్తోత్రం ప్రభువా", "అవును తండ్రీ" అంటూనే ఉంది. చివర ఆమేన్ చెప్పి, కళ్లు తుడుచుకుని, కంప్యూటర్ మూసేసింది.

సోమవారం కిరణ్మయి వచ్చి ఆ రికార్డింగ్ పెట్టి చూసింది.

"స్తోత్రం ప్రభువా!" అని సుగుణకుమారి గొంతే గదంతా మోగింది. దాని వెనక, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు, ఒక మగగొంతు.

"మధ్యలో మీరు మాట్లాడారా ఆంటీ?"

"మాట్లాడలేదమ్మా. ప్రార్థనలో ఉన్నా."

కిరణ్మయి రికార్డింగ్ ఆపింది. "మైకు దగ్గరగా ఉన్న గొంతునే పట్టుకుంటుంది ఆంటీ. స్పీకర్లోంచి వచ్చేదాన్ని ఉత్త చప్పుడనుకుని అణిచేస్తుంది."

పేజీ కోసం వెతికారు. లేదు. పాస్టరుగారికి ఫోన్ చేస్తే ఆయన దగ్గరా కాపీ లేదన్నారు. కిరణ్మయి గంటసేపు కూర్చుని ఆమె గొంతు తగ్గించి చూసింది. ఆమెది తగ్గితే ఆయనదీ పోతోంది. చివరికి ఒకచోట ఆపింది.

"ఇక్కడ మీరు ఏడుస్తూ మూడుసార్లు 'అవును తండ్రీ' అన్నారు. అంకుల్ దేనికోసం ప్రార్థిస్తున్నారిక్కడ? గుర్తుంటే చెప్పండి, కనీసం రాసిపెట్టుకుందాం."

సుగుణకుమారి స్పీకరుకు చెవి ఆనించింది. మళ్లీ పెట్టించుకుంది. ఇంకోసారి పెట్టించుకుంది.

"ఏమోనమ్మా," అంది. "ఆయనేం అడిగినా అవుననేదాన్ని. వినేదాన్నో లేదో."