కొర్రమీను జలకన్య

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా మేడ్చల్‌లో వాళ్ల బళ్లో వేషాల పోటీ పెట్టారు. పిల్లకి జలకన్య వేషమే కావాలట. అద్దెకు తెద్దామనుకుంటే మా అమ్మ అడ్డం పడింది, తానే కుడతానంది. శామీర్‌పేట చెరువు కట్ట మీద ముప్పై ఏళ్లుగా చేపలమ్మే మనిషికి తోక గురించి ఒకరు చెప్పాలా అని నేనూ ఊరుకున్నాను.

ఆమె నల్లబట్ట తెచ్చి, బూడిదరంగు మచ్చలు అద్ది, అచ్చం కొర్రమీను తోక కుట్టింది. తళుకుల్లేవు, పచ్చదనం లేదు. పిల్ల ముఖం ముడుచుకుంది. నాకైతే తల కొట్టేసినట్టయింది. గుండ్లపోచంపల్లిలో మా అపార్ట్‌మెంటువాళ్లకు మా అమ్మ చేపలమ్ముతుందని నేను చెప్పలేదు. వ్యాపారం అనేదాన్ని. పిరికితనం, ఇంకేం కాదు. ఎండగా ఉంటుందని సాకు చెప్పి పోటీకి కూడా ఆమెను రావద్దన్నాను.

అమ్మ తగ్గే రకం కాదు. మన చెరువు జలకన్య నడుము కింద కొర్రమీనేనని మనవరాలికి కథ చెప్పింది. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపుతో తిరిగే కొర్రమీను కనబడితే మావాళ్లు వల వేయరు, అది జలకన్యేమోనని. మా తాత ఒకసారి చూసుకోక వేసి, కొత్త వలను తన చేత్తోనే కోసి దాన్ని వదిలాడట.

పోటీలో మిగతా జలకన్యలు నలుగురూ పచ్చగా మెరిసిపోతున్నారు. మా పిల్ల ఒక్కతే నలుపు. నీ తోక ఇలా ఉందేమిటని టీచర్ మైకులో అడిగితే వెనక ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండింది. పిల్ల మాత్రం బెదరలేదు.

"నేను శామీర్‌పేట చెరువు జలకన్యను. గందుకే నల్లగున్న. నా పిల్లలు నాతోని ఉన్నప్పుడు నన్నెవ్వలు పట్టరు. ఇది మా అవ్వ కుట్టింది. మా అవ్వ కట్ట మీద చేపలమ్ముతది."

పక్క ఫ్లాటు ఆవిడ నా వైపు తిరిగి, నిజమేనా అని మెల్లగా అడిగింది. నిజమే, కొర్రమీను కావాలంటే ఆదివారం పొద్దున్నే రండి, తొమ్మిది దాటితే దొరకదు అన్నాను. బహుమతులు ఇవ్వడానికి ఇంకా సమయం ఉంది. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి, ఆటో ఎక్కి బడికి రమ్మన్నాను.

"చేపలమ్మే చీర మీదనే ఉన్న బిడ్డా, వాసనొస్తది."

"గట్లనే రా అమ్మా," అన్నాను.